వాళ్ళది సేవా క్లబ్బు, మాది కుల సంఘం

మా ఇంట్లో ఒక ఇనప ట్రంకు పెట్టె ఉంది. అందులో మా ఊరి సేవా క్లబ్బు ఇచ్చిన వస్తువులు మూడు ఉన్నాయి. మొదటిది, కంటి ఆపరేషన్ అయ్యాక మా నాయనమ్మకు ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు. రెండోది, పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని నన్ను వేదిక మీదకు పిలిచి ఇచ్చిన ప్రశంసాపత్రం. మూడోది, 2020 అక్టోబర్ 2న మా నాన్న భుజాల మీద కప్పిన శాలువా. నాన్న మున్సిపాలిటీలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుడు. ఆ రోజు ఆయన పేరును 'కరోనా యోధుడు' అని మైకులో చదివారు.

నాలుగోది పెట్టెలో లేదు, నా ఫోన్‌లో ఉంది. అదొక ఫొటో. 2023 డిసెంబర్ చివర్లో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. పర్మినెంట్ చేయాలి, సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలి అన్నవి ప్రధాన డిమాండ్లు. క్రిస్మస్‌కి ఇంటికొచ్చిన నేను నాన్నతో పాటు మున్సిపల్ ఆఫీసు ఎదుట టెంటు కింద కూర్చున్నాను. వారం తిరిగేసరికి మెయిన్ రోడ్డు మీద చెత్త కుప్పలు పడ్డాయి. ఒక పొద్దున్న అదే క్లబ్బు సభ్యులు కొత్త చీపుర్లు, కొత్త గ్లవుజులు, ఒకే రంగు టీషర్టులతో రోడ్డు మీదకు వచ్చారు. గంటసేపు ఊడ్చారు. బ్యానర్ మీద 'శ్రమదానం' అని రాసి ఉంది. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. ఆ ఫొటోలో వెనకాల, కాస్త మసగ్గా, సమ్మె టెంటు కనబడుతుంది. పెద్దది చేసి చూస్తే నాన్న కనబడతాడు.

శాలువా కప్పిన చేతులే ఆ రోజు చీపురు పట్టాయి. మొదటిదీ సేవే, రెండోదీ సేవే అని వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. ఈ వ్యాసం ఆ నమ్మకం గురించి.

నాయనమ్మ కళ్ళు

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. నాయనమ్మకు చూపు వచ్చింది నిజం. రెండేళ్ళుగా గోడ పట్టుకుని నడిచిన మనిషి, క్లబ్బు పెట్టిన కంటి శిబిరానికి వెళ్ళొచ్చాక బియ్యంలో రాళ్ళు ఏరింది. చచ్చిపోయేదాకా "ఆ బాబులు చల్లగుండాలి" అంటూనే ఉంది. ఆమె కృతజ్ఞతను వెక్కిరించే హక్కు నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు.

నా ప్రశ్న వేరే. ఆ ఆపరేషన్ ఆమెకు ఎవరు బాకీ ఉన్నారు? మన దేశంలో అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976 నుంచి ఉంది. శుక్లాల ఆపరేషన్లు చేసే స్వచ్ఛంద ఆస్పత్రులకు ఆ పథకం కింద ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. అంటే 'ఉచిత' శిబిరంలో ప్రజల డబ్బు కూడా ఉంటుంది. నాయనమ్మ అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా కట్టిన పన్ను అందులో ఉంటుంది. పేటల్లో తిరిగి ముసలివాళ్ళను పోగేసేది ఆశా వర్కర్లు. కానీ బ్యానర్ మీద ఉండేది క్లబ్బు అధ్యక్షుడి ఫొటో. నాయనమ్మకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది: ఆ చూపు ఆమె హక్కు. హక్కుగా రావలసింది దయగా అందినప్పుడు మనిషి కళ్ళు తెరుచుకుంటాయి గానీ తల వంగుతుంది.

పోలియో విషయమూ అంతే. రోటరీ సంస్థ 1985 నుంచి పోలియో నిర్మూలనకు ప్రపంచవ్యాప్తంగా డబ్బు, మనుషులు, పలుకుబడి పెట్టింది. అది చిన్న పని కాదు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. ఆ విజయంలో క్లబ్బులకు వాటా ఉంది. కానీ చుక్కల మందు డబ్బా భుజాన వేసుకుని ఇటుక బట్టీలకు, రైలు పట్టాల పక్క గుడిసెలకు నడిచిన ఆడవాళ్ళను మన ప్రభుత్వాలు కార్మికులుగా కూడా గుర్తించలేదు. వాళ్ళను 'వాలంటీర్లు' అన్నాయి, జీతాన్ని 'గౌరవ వేతనం' అన్నాయి. ఒకే మాట. డబ్బున్నవాడికి అది బిరుదు, పేద ఆడదానికి జీతం ఎగ్గొట్టే సాకు.

చిట్టాలో లేని వృత్తి

ఈ క్లబ్బుల పుట్టుక చూస్తే వాటి స్వభావం అర్థమవుతుంది. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి రోటరీని మొదలుపెట్టాడు. సమావేశాలు ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా జరిగేవి కాబట్టి ఆ పేరు వచ్చింది. 1917లో అదే షికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి చొరవతో లయన్స్ పుట్టింది. రోటరీ బ్రిటిష్ పాలనలోనే కలకత్తా వ్యాపార ప్రపంచంలోకి వచ్చింది. లయన్స్ 1956లో బొంబాయి ద్వారా మన దేశంలో అడుగుపెట్టింది. తర్వాత అవి జిల్లా కేంద్రాలకు, తాలూకా పట్టణాలకు పాకాయి.

రోటరీకి మొదట్నుంచీ ఒక సూత్రం ఉంది: సభ్యుల వృత్తుల వర్గీకరణ. క్లబ్బులో ఒక్కో వృత్తికి ఒక్కో ప్రతినిధి ఉండాలని, ఒకే వ్యాపారం వాళ్ళు క్లబ్బును ఆక్రమించకూడదని దాని ఉద్దేశం. వినడానికి బాగుంది. ఊళ్ళోని ప్రతి పనికీ చోటుంటుందన్నమాట! కానీ ఆ చిట్టాలో ఎవరున్నారు? డాక్టరు, లాయరు, చార్టర్డ్ అకౌంటెంటు, రైస్ మిల్లు యజమాని, బంగారు కొట్టు యజమాని, ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటు. ఆ వృత్తిలో యజమానిగానో, అధికారిగానో, పేరున్న వ్యక్తిగానో ఉన్నవాడే వృత్తికి ప్రతినిధి. మిల్లులో బస్తాలు మోసేవాడిది వృత్తి కాదు. చెప్పులు కుట్టేవాడిది కాదు. డ్రైనేజీలో దిగేవాడిది అసలే కాదు. మా ఊళ్ళో అందరికంటే ముందు లేచి ఊరికి సేవ చేసే వృత్తి మా నాన్నది. 'సేవ' పేరు పెట్టుకున్న క్లబ్బు చిట్టాలో ఆ వృత్తికి గడి లేదు.

అక్కడితో ఆగదు. సభ్యత్వం ఆహ్వానం మీద వస్తుంది. ఉన్నవాళ్ళు తమకు తెలిసినవాళ్ళను ప్రతిపాదిస్తారు. మన చిన్న పట్టణాల్లో ఒక మనిషికి తెలిసినవాళ్ళంటే ఎవరు? కలిసి భోంచేసేవాళ్ళు, పెళ్ళిళ్ళకు పిలుచుకునేవాళ్ళు, వియ్యమందుకునేవాళ్ళు. కులాన్ని నియమావళిలో రాయక్కర్లేదు. 'పరిచయం' అని రాస్తే చాలు. మిగతా పని కులం చేసుకుంటుంది. మా ఊరి క్లబ్బు గోడ మీద మాజీ అధ్యక్షుల ఫొటోలు వరసగా ఉంటాయి. ఇంటి పేర్లు చదువుకుంటూ పోతే ఊళ్ళో భూమి ఎవరిదో, బజారు ఎవరిదో తెలిసిపోతుంది. పేట నుంచి ఒక్క పేరూ లేదు.

"అది ప్రైవేటు క్లబ్బు, వాళ్ళిష్టం" అనేవాళ్ళకు ఒక పాత కేసు గుర్తుచేయాలి. 1977లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం డ్యువార్టె అనే చిన్న పట్టణపు రోటరీ క్లబ్బు ముగ్గురు మహిళలను చేర్చుకుంది. మగవాళ్ళే సభ్యులుగా ఉండాలన్న నియమం తప్పారని అంతర్జాతీయ సంస్థ ఆ క్లబ్బును వెలివేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1987 మే 4న కోర్టు తీర్పు చెప్పింది: ఇవి నలుగురు స్నేహితులు ఇంట్లో కూర్చునే ఆంతరంగిక సంబంధాలు కావు, వివక్షను నిషేధించే రాష్ట్ర చట్టం వీటికీ వర్తిస్తుంది. ఆ తర్వాత ఆ నియమమే మారింది. అంటే 'సేవే పరమార్థం' అని చెప్పుకున్న సంస్థ సగం మానవజాతిని సభ్యులుగా చేర్చుకోవడానికి 80 ఏళ్ళకు పైగా పట్టింది, అదీ కోర్టు మెట్లెక్కాక. మన దేశంలో కులం గురించి ఏ క్లబ్బునూ ఎవరూ కోర్టుకు ఈడ్వలేదు. ఈడ్వాలన్నా రాసి ఉన్న నియమం దొరకదు. ఇక్కడి వివక్షకు రాతకోతలు అక్కర్లేదు.

పేరులోనే ఉంది తేడా

మా పేటలో అంబేడ్కర్ యువజన సంఘం ఉంది. తెలుగు నేల మీద ఏ పల్లెకు వెళ్ళినా, ఏ పట్టణపు చివరి వీధికి వెళ్ళినా ఈ పేరుతో ఒక బోర్డు, నీలం రంగు వేసిన దిమ్మె, దాని మీద వేలు చూపిస్తున్న బాబాసాహెబ్ విగ్రహం కనబడతాయి. మా సంఘం ఏం చేస్తుంది? సాయంత్రం పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. నేను లెక్కలు నేర్చుకున్నది అక్కడే. రక్తం కావాలంటే రాత్రి రెండు గంటలకైనా ఆస్పత్రికి కుర్రాళ్ళను పంపుతుంది. ఎవరైనా చనిపోతే ఇంటింటికీ తిరిగి చందా వేసి పెట్టె కొంటుంది, గొయ్యి తవ్వుతుంది. కాలేజీలో సీటు వచ్చిన ఆడపిల్లకు బస్సు పాసు కడుతుంది. ఏప్రిల్ 14న మజ్జిగ పోస్తుంది. ఆ మజ్జిగ ఊరందరికీ, ఏ కులమని అడగదు.

రక్తదానం, విద్యాదానం, అంత్యక్రియలు, మజ్జిగ. సేవా క్లబ్బు చేసే పనులు సరిగ్గా ఇవే. కానీ వాళ్ళది 'స్వచ్ఛంద సేవా సంస్థ', మాది 'కుల సంఘం'. ఒకసారి ట్యూషన్ పిల్లల కోసం మున్సిపల్ కమ్యూనిటీ హాలు సాయంత్రం రెండు గంటలు ఇమ్మని మా సంఘం అర్జీ పెట్టింది. "కుల సంఘాలకు ఇవ్వడం కుదరదు" అన్నారు. క్లబ్బు సొంత భవనం ఉన్నది మున్సిపల్ స్థలంలోనే, నామమాత్రపు లీజుకు. ఆ భవనంలో పెళ్ళిళ్ళకు అద్దె వసూలు చేస్తారు. ఒకే కులంవాళ్ళు పది మంది కూడి కులం పేరు చెప్పకపోతే అది సమాజం. పీడిత కులాలవాళ్ళు కూడి తమ విముక్తి ప్రదాత పేరు పెట్టుకుంటే అది కులం. ఈ దేశంలో కులం కనబడేది కిందివాడి ఒంటి మీదే. పైవాడి కులం గాలిలా ఉంటుంది. వాడు దాన్ని పీలుస్తాడు, చూడడు.

చివరి మజిలీలోనూ ఇదే. మా ఊరి పెద్ద శ్మశానాన్ని క్లబ్బే బాగు చేయించింది. గోడ, పూలమొక్కలు, స్నానాల గదులు, శివుడి బొమ్మ. వైకుంఠ రథం కూడా క్లబ్బుదే. బాగుంది. నాయనమ్మ పోయినప్పుడు ఆ బండి కోసం మా బాబాయి ఫోన్ చేస్తే అవతలి మనిషి మొదట అడిగింది "ఏ పేట?" అని. చెప్పాక, బండి రిపేర్లో ఉందన్నాడు. ఆ మధ్యాహ్నమే ఆ బండి బజారులో తిరగడం మేం చూశాం. నాయనమ్మను పాడె మీద మోసుకుని, వాన నీళ్ళు నిలిచిన మా సమాధుల దొడ్డికి వెళ్ళాం. దానికి గోడ లేదు. గోడ కోసం ఏ క్లబ్బూ శంకుస్థాపన చేయలేదు. ఆమె చూపు తెప్పించినవాళ్ళే ఆమె శవాన్ని మొయ్యడానికి వెనకాడారు. బతికున్న దళితురాలి కళ్ళు ఫొటోకి పనికొస్తాయి. చచ్చిపోయిన దళితురాలి దేహం బండిని మైల చేస్తుంది.

1932 నాటి ఉత్తరం

ఇది కొత్త వాదన కాదు. బాబాసాహెబ్ 1932లోనే దీన్ని తేల్చి చెప్పారు. పూనా ఒప్పందం తర్వాత సెప్టెంబర్ 30న గాంధీ అనుయాయులు అస్పృశ్యతా నివారణ సంఘాన్ని పెట్టారు. అదే తర్వాత హరిజన సేవక సంఘం అయింది. అధ్యక్షుడు పారిశ్రామికవేత్త ఘనశ్యామ్ దాస్ బిర్లా, కార్యదర్శి ఠక్కర్ బాపా. మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి ఓడలో వెళ్తూ నవంబర్ 14న అంబేడ్కర్ ఠక్కర్ బాపాకు ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాశారు.

అందులోని తర్కం ఈ రోజు మా ఊరి క్లబ్బుకు అచ్చంగా సరిపోతుంది. అణగారిన వర్గాలకు మేలు చేయడానికి రెండు దారులున్నాయన్నారాయన. ఒక దారిలో వెళ్ళేవాళ్ళు మనిషి దుస్థితికి ఆ మనిషి నడవడికే కారణమనుకుంటారు. అందుకని మద్యపాన నిషేధం, వ్యాయామం, గ్రంథాలయం, పాఠశాల వంటివాటితో ఒక్కొక్కరినీ బాగుచేద్దామనుకుంటారు. రెండో దారిలో వెళ్ళేవాళ్ళు మనిషిని నలిపేస్తున్నది అతని పరిసరాలని గుర్తిస్తారు. అందుకని ఆ పరిసరాలను మారుస్తారు. మొదటి దారిలో కొందరు వ్యక్తులు పైకొస్తారేమో గానీ వర్గం మొత్తం పైకి రాదు. కాబట్టి సంఘం తన శక్తినంతా పౌర హక్కుల మీద పెట్టాలని ఆయన కోరారు. ఊరి బావిలో నీళ్ళు తోడుకోవడం, ఊరి బడిలో కూర్చోవడం, ఊరి చావడిలోకి రావడం, అందరూ ఎక్కే బండి ఎక్కడం. పనుల్లో సమాన అవకాశం ఇమ్మన్నారు. ఇళ్ళలోకి రానిచ్చి కలిసిమెలిసి ఉండమన్నారు. ఇందులో గొడవలు వస్తాయని, తలలు పగిలినా ఫరవాలేదనుకునే మనుషులు కావాలని ఆయనకు తెలుసు.

సంఘం ఆ దారి పట్టలేదు. సంఘం నిర్వహణలో అంటరానివారికి చోటేదని అడిగితే వచ్చిన జవాబు ఏమిటో బాబాసాహెబ్ తర్వాత నమోదు చేశారు: ఇది సవర్ణులు చేసుకునే ప్రాయశ్చిత్తం, డబ్బు వాళ్ళది, కాబట్టి నడిపేదీ వాళ్ళే. గమనించండి. మన బాధ వాళ్ళ ప్రాయశ్చిత్తానికి ముడిసరుకు. ఆ తర్కమే 90 ఏళ్ళుగా రూపం మార్చుకుంటూ వస్తోంది. 2019 ఫిబ్రవరిలో కుంభమేళాలో ప్రధానమంత్రి పారిశుధ్య కార్మికుల కాళ్ళు కడిగారు. ఆ కాళ్ళు కడిగించుకున్నవాళ్ళు అడిగినది కాళ్ళు కడగమని కాదు.

దీనికి ఎదురుగా బాబాసాహెబ్ నడిపిన సంస్థ చూడండి. 1924 జూలై 20న బొంబాయిలో బహిష్కృత హితకారిణి సభ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు సర్ చిమన్‌లాల్ సెతల్వాద్. ఉపాధ్యక్షుల్లో పార్సీలున్నారు, బ్రాహ్మణులున్నారు. బాబాసాహెబ్ ఇతరుల సాయాన్ని కాదనలేదు. కానీ కార్యనిర్వాహక కమిటీకి అధ్యక్షుడు ఆయనే. కార్యదర్శి శివతర్కర్, అంటరాని కులాలవాడే. షోలాపూర్‌లో హాస్టల్ పెట్టారు, గ్రంథాలయాలు పెట్టారు. చందా ఎవరైనా ఇవ్వొచ్చు, పగ్గం మాత్రం బాధితుల చేతిలో ఉండాలి. సేవకూ ఉద్యమానికీ మధ్య తేడా అక్కడుంది. మూడేళ్ళ తర్వాత ఆ సభ పిలుపు మీదే జనం మహాడ్‌లో కూడారు.

మహాడ్ కూడా మా ఊరిలాంటి చిన్న పట్టణమే. ప్రభుత్వ నీటి వనరులను అంటరానివారికి తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా తన చౌదార్ చెరువును తెరిచినట్టు కాగితం మీద రాసుకుంది. నీళ్ళు మాత్రం ముట్టుకోనివ్వలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. ఆ చెరువు నీళ్ళు తాగకపోతే చచ్చిపోతామని కాదు, మేమూ మనుషులమేనని స్థాపించడానికి వచ్చామని ఆయన ఆ డిసెంబర్ సభలో చెప్పారు. ఆ రోజు మహాడ్‌లో ఒక సేవా క్లబ్బు ఉండి ఉంటే ఏం చేసేది? మహర్‌వాడ చివర ఒక చలివేంద్రం పెట్టేది. కుండలు, తాటాకు పందిరి, రిబ్బన్ కటింగ్. చెరువు అలాగే ఉండేది. దాహం తీరేది, అవమానం తీరేది కాదు. మన దగ్గర 1985లో కారంచేడు మారణకాండ మొదలైందీ దళితులు తాగే నీళ్ళను ఖరాబు చేయొద్దన్న మాట దగ్గరే. నీళ్ళు ఇస్తే పుచ్చుకునేవాడితో ఈ సమాజానికి పేచీ లేదు. నీళ్ళు మావి అన్నవాడితోనే పేచీ.

2014 మార్చి 27

ఒక తేదీ మీ ముందు పెడతాను. 2014 మార్చి 27. ఆ రోజు భారతదేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఊరూరా క్లబ్బులు ఆ విజయాన్ని తమదని చెప్పుకున్నాయి.

సరిగ్గా అదే రోజు ఢిల్లీలో సుప్రీంకోర్టు సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో తీర్పు ఇచ్చింది. 1993 నుంచి మురుగు గుంతల్లో దిగి చనిపోయిన వాళ్ళందరినీ గుర్తించి, ఒక్కో కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. ఆ కేసు కోర్టులో 2003 నుంచి నడిచింది. దాని వెనక దశాబ్దాల పోరాటం ఉంది. బెజవాడ విల్సన్ వంటివాళ్ళు ఊరూరా తిరిగి పొడి మరుగుదొడ్ల లెక్కలు తీసి, ఫొటోలు తీసి, 'లేవు' అని అబద్ధం చెప్పిన రాష్ట్రాల ముఖాన ఆధారాలు పెట్టారు. మానవ మలాన్ని మనిషి ఎత్తే పనిని నిషేధించే 2013 నాటి చట్టం అంతకు మూడు నెలల ముందు, డిసెంబర్ 6న, బాబాసాహెబ్ పరినిర్వాణ దినాన అమల్లోకి వచ్చింది.

ఆ రెండు వార్తల్లో ఒకదానికే మా ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు. పోలియో మీద యుద్ధానికి ఊరి పెద్దలు సిద్ధం. ఎందుకంటే క్రిమికి కులం లేదు, క్రిమికి ఓటు లేదు, క్రిమి పోతే ఎవరి భూమీ పోదు. మ్యాన్‌హోల్ చావుల మీద మాత్రం ఏ క్లబ్బూ శిబిరం పెట్టదు. ఎందుకంటే అక్కడ చంపుతున్నది క్రిమి కాదు, కాంట్రాక్టరు. ఆ కాంట్రాక్టరు క్లబ్బులోనే ఉండొచ్చు. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరుగుతోందంటే చావులు ఆగలేదనే కదా అర్థం.

ఇక ఆ శ్రమదానం దగ్గరికొస్తాను. తాత్కాలిక ఉద్యోగులకైనా సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 2016 అక్టోబర్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. నాన్న టెంటు కింద కూర్చుని అడిగింది ఆ తీర్పు అమలు చేయమనే. శాలువా కప్పినవాళ్ళు ఆ రోజు టెంటులోకి వచ్చి పది నిమిషాలు కూర్చుని ఉంటే, కమిషనర్‌కు ఒక్క కాగితం రాసి ఉంటే, అది సేవ అయ్యేది. వాళ్ళు చీపురు పట్టారు. సమ్మెలో ఉన్నవాడి పనిని మరొకడు చేస్తే దానికి కార్మికుల భాషలో ఒక పేరుంది, అది శ్రమదానం కాదు. పైగా వాళ్ళు ఊడ్చింది ఎండు చెత్త. గంట తర్వాత టిఫిన్లు తిన్నారు, ఇస్తరాకులు అక్కడే వదిలేశారు. సమ్మె ముగిశాక వాటిని తీసింది నాన్నే.

ప్రశంసాపత్రం, ఫెలోషిప్

నా ప్రశంసాపత్రం సంగతీ చెప్పాలి. ఆ రోజు పత్రికలో నా పేరు పక్కన 'నిరుపేద దళిత విద్యార్థి' అని వేశారు. నాతో పాటు వేదికెక్కిన మిగతా పిల్లల పేర్ల పక్కన మార్కులు మాత్రమే ఉన్నాయి. ఐదు వందల రూపాయలు, రెండు నోటు పుస్తకాలు ఇచ్చారు. అధ్యక్షుడు మైకులో "వీడు రేపు పెద్దవాడై మన క్లబ్బును మర్చిపోకూడదు" అన్నాడు. నేను మర్చిపోలేదు.

అయితే నన్ను పీహెచ్‌డీ దాకా తెచ్చింది ఆ ఐదు వందలు కాదు. సాంఘిక సంక్షేమ హాస్టల్, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఆ తర్వాత ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్. ఆ స్కాలర్‌షిప్ పథకం 1944లో మొదలైంది. వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ 1942లోనే మా కష్టాలను వినతిపత్రంగా రాసి ప్రభుత్వం ముందు పెట్టారు. ఆ డబ్బు తీసుకోవడానికి నేను ఏ వేదికా ఎక్కలేదు, ఎవరికీ దండం పెట్టలేదు. ఆలస్యమైతే ధర్నా చేశాను. ధర్మానికి ఇచ్చిన డబ్బు ఆలస్యమైతే ధర్నా చేయగలమా? దయకూ హక్కుకూ తేడా ఇంత తేలిక: హక్కు రాకపోతే అడగొచ్చు.

స్కాలర్‌షిప్పులు నెలల తరబడి ఆగినప్పుడు, హాస్టల్ మెస్ చార్జీలు చాలక పిల్లలు నీళ్ళ పప్పు తిన్నప్పుడు క్లబ్బులు దుప్పట్లు పంచుతాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గిన చోట సేవ ముందుకొస్తుంది. ఆ ఖాళీ ఎందుకు ఏర్పడిందని మాత్రం అడగదు.

మనం చేయాల్సింది

"విమర్శించడం తేలిక, వాళ్ళు ఏదో ఒకటి చేస్తున్నారు కదా" అంటారు. చేయనివ్వండి. కానీ నాలుగు సంగతులు అడుగుదాం. మున్సిపల్ స్థలంలో ఉన్న ప్రతి క్లబ్బు భవనం లీజు పత్రాలు బయటపెట్టాలి, ఆ హాలు అంబేడ్కర్ యువజన సంఘాలకూ అదే షరతుల మీద దొరకాలి. ప్రజల భూమిలో ఉన్న శ్మశానం, ప్రజల విరాళాలతో కొన్న శవ వాహనం, నీళ్ళ ప్లాంటు నిర్వహణ కమిటీల్లో పేటల ప్రతినిధులు ఉండాలి. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే శిబిరం బ్యానర్ మీద అది ప్రభుత్వ డబ్బని పెద్దక్షరాలతో రాయాలి. సాయం తీసుకునే మనిషి ఫొటో, కులం పత్రికలకు ఇవ్వడం ఆపాలి. ఈ నాలుగింటికీ క్లబ్బు ఒప్పుకుంటే, వాళ్ళది సేవ అని నేనూ ఒప్పుకుంటాను.

మనవాళ్ళతో కూడా ఒక మాట. రిజర్వేషన్‌తో డాక్టర్లు, ఇంజినీర్లు, అధికారులు అయిన అన్నలు కొందరు ఈ క్లబ్బుల్లో చేరుతున్నారు. కోటు మీద ఆ బ్యాడ్జీ పెట్టుకుంటే ఊళ్ళో మనిషిగా గుర్తిస్తారన్న ఆశ నాకు అర్థమవుతుంది. కానీ అన్నా, అక్కడ నీకిచ్చే కుర్చీ నీ పేటకు ఇచ్చినది కాదు. ఏటా అక్కడ కట్టే చందాలో సగం మన ట్యూషన్ గదికి ఇవ్వు. ఆదివారం ఒక గంట పిల్లలతో కూర్చో.

సేవ మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు, కొడుకు యశ్వంత్ నడిపిన చికిత్సాలయంలో రోగులకు సేవ చేస్తూ ఆ రోగమే సోకి మార్చి 10న కన్నుమూసింది సావిత్రిబాయి. హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టి, బస్తీల్లో మన ఆడపిల్లలకు బడులు తెరిచాడు భాగ్యరెడ్డి వర్మ. 1917లో ఆయన అధ్యక్షతన బెజవాడ సభలో మనవాళ్ళు 'పంచములు' అన్న మాటను తోసిపుచ్చి ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నారు. వాళ్ళ సేవలో ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి ఒకే మట్టివి. ఆ సేవ మనిషిని లేపి నిలబెట్టింది, ఫొటోకి వంచలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె తెరిచాను. శాలువా కనబడలేదు. అడిగితే నాన్న నవ్వాడు. "సమ్మె టెంటులో రాత్రిళ్ళు చలిగా ఉండేది రా అబ్బాయ్. పక్కన మా సూపర్వైజరమ్మ వణుకుతుంటే కప్పాను. అక్కడే ఉండిపోయింది" అన్నాడు.

ఆ శాలువా మొదటిసారి పనికొచ్చింది ఆ రాత్రే.

జై భీమ్.

(వ్యాసకర్త పరిశోధక విద్యార్థి)